రోం నాయుడికి తీర్పు

డుంబ్రిగుడ సంతకి పోయే దారిలో, హుకుంపేట వైపు తిరిగే మలుపుకి ఎగువన ఉండేది మేమున్న ఊరు. నాన్న అక్కడ మిషను బడి పంతులు. బడంటే మా ఇంటి వసారాయే. నేను విశాఖపట్నంలో ఆడపిల్లల బడిలో నాలుగో ఫారం చదువుతుండగా అమ్మ పోయింది. నాన్నకి వండిపెట్టడానికి చదువు మానేసి కొండెక్కాను. గూడెం వైపు కొండల్లో పితూరీ అణిగిపోయిన తరవాతి రోజులవి. సంతలో నలుగురు మగవాళ్ళు ఒకచోట నిలబడితే కానిస్టేబులు వచ్చి పలకరించి పోయేవాడు.

నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. ఎదుట ముగ్గురుంటే గొంతు లోపలే ఉండిపోతుంది. అందుకని ఏ రోజు సంగతి ఆ రోజు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది చాలావరకు ఆ బుక్కుల్లోంచే. ఒక్క రోజుది మాత్రం అందులో లేదు. ఆ రోజు నేనేమీ రాయలేదు.

ఆ ఊళ్ళో నాకు ఒక్కతే నేస్తం. ఆ కొండల్లో నేస్తం కట్టడమంటే మాటవరసకి అనుకునేది కాదు. పెద్దల ముందు ఇద్దరూ ఒకే దొన్నెలో గంజి తాగాలి. ఆపైన ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. నేస్తమా అనే పిలవాలి. ఒకరి తండ్రి రెండోవారికీ తండ్రే. ఆ ఇంట్లో చావొస్తే ఈ ఇంటినుంచి కోరా బట్ట, బియ్యం వెళ్ళాలి. నేను కొండెక్కిన మొదటి వానల్లో చలిజ్వరంతో పడుకుంటే మూడు వారాలు మా ఇంటికి నీళ్ళు మోసిందామె. జ్వరం తగ్గాక గంజి దొన్నె పట్టుకొచ్చి, "ఇంక నువ్వు నాకు నేస్తానివి, తాగు" అంది. మిషను పెద్దలు ఏమంటారోనని నాన్న ఒక్క క్షణం చూసి, "తాగమ్మా" అన్నాడు.

ఆమె గొంతు గెడ్డ అవతలికి, వాగు హోరు దాటి కూడా వినిపించేది. చైత్రమాసపు పండగలో మగవాళ్ళంతా వేటకి వెళ్తారు. ఉత్తచేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి వెక్కిరిస్తారు. వెక్కిరించడంలో ఆమె తరవాతే ఎవరైనా. వాడు నడిచొచ్చిన నడకా, ఈత ముల్లు గుచ్చుకుని కుంటిన వైనమూ, పొదలో దాక్కున్న తీరూ అన్నీ ఆడి చూపించేది. ఆమె నోట పడ్డవాడు మళ్ళీ చైత్రందాకా తల ఎత్తేవాడు కాదు.

ఆమె తండ్రి, నేను అయ్యా అని పిలిచినాయన, అప్పటికి నాయుడు కాదు. కొండల్లో ఊరిపెద్దని నాయుడనేవారు. ఆయన అందరిలాగే కావడి మోసేవాడు. దొరలు మకాం వస్తే ఊరి మగవాళ్ళు వెట్టికి పోయి డేరాలు, పెట్టెలు, కోళ్ళ గంపలు ఘాటీ దారి పొడుగునా మోయాలి. ఒకసారి ఘాటీ మధ్యలో ఆయన కావడి దించేశాడు.

"తిన్నోడు మొయ్యాల బాబూ. మేం నిన్నట్నుంచి తినలేదు," అన్నాడట.

కొట్టారు. మొయ్యలేదు. ఆయన్ని చూసి వెనకవాళ్ళూ దించేశారు. దిగువకి తీసుకుపోయి కొన్ని నెలలు జెయిల్లో పెట్టారు. తిరిగొచ్చిన రోజు నేను వసారాలోంచి చూశాను. తల గొరిగేసి ఉంది, మనిషి సగమయ్యాడు. అయిదూళ్ళవాళ్ళు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని తెచ్చారు. మొయ్యనన్నవాణ్ణి మోసుకొచ్చారు. ముసలి నాయుడు తన చేతికర్ర తీసి ఆయన చేతికిచ్చి నాయుణ్ణి చేశాడు. నాన్న అర్జీ రాసిపెట్టాడు. ఆ తరవాత కూలీలు కావాలంటే దొరల మనుషులు నాయుణ్ణి అడగాలి, అడ్డెడు బియ్యమైనా ఇవ్వాలి అని ఏర్పాటైంది. ఆ ఏడాది మా బడికి పిల్లలు రెట్టింపు వచ్చారు. తండ్రులు ఇళ్ళదగ్గర ఉన్నారు మరి.

నా దగ్గర లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. మకాం బంగళాలో దిగిన దొర ఒకాయన వదిలేసి పోయాడు. అట్టా, మొదటి పుటలూ చెదలు తినేసింది, పేరేమిటో తెలియదు. ఇటలీ దేశపు పాత కథలు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకి రెండు పుటలు చదివేదాన్ని. అందులో ఒక కథ దగ్గర నేను ఆగిపోయాను. రోము పట్నంలో అయిదారు వందల ఏళ్ళ క్రితం ఒక బీదవాడి కొడుకు పాలకుడైన కథ. చదువుతుంటే తల గొరిగిన అయ్య మొహమే కనబడింది. ఆ మాట నేస్తంతో అన్నాను. ఆమె ఊరుకుంటుందా! ఆ సాయంత్రమే అయ్య కబురంపాడు.

వాళ్ళింటి ముందు రాయి ఒకటుంది. దానిమీద కూర్చునే ఆయన తగువులు తీర్చేవాడు. ముందు రెండు అడ్డాకులు పరిచి, పక్కన పిడికెడు చింతపిక్కలు పెట్టుకునేవాడు. వాదం వింటూ, ఎవరి వైపు తప్పు కనబడితే వారి ఆకులో ఒక పిక్క వేసేవాడు. పెద్ద తప్పుకి రెండు మూడు. చివర్లో ఏ ఆకు బరువో అందరూ కళ్ళారా చూస్తారు. కథలకీ అక్కడ అదే పద్ధతి. "కతంటే తగువే గదా. ఎవుడో ఎవుడికో అన్నేయం సేత్తేనే కత," అనేవాడు. తీర్పు చెప్పకుండా కథ వదిలేస్తే అది ఇంటి చుట్టూ తిరుగుతుందని వాళ్ళ నమ్మకం.

నేను వెళ్ళేసరికి పదిహేనుమంది కూర్చుని ఉన్నారు. నాకు నోరు పెగల్లేదు. నేస్తం నా పక్కన కూర్చుని, "నా సెవిలో సెప్పు, నేను బయటికి సెప్తాను" అంది. అలా మొదలైంది. నేను గుసగుసగా రెండు మాటలనేదాన్ని, ఆమె వాటిని పది మాటలు చేసి వదిలేది.

"ఆ గుంటడి అయ్య ఏటి సేసేవోడు?" అని ఒక ముసలాయన అడిగాడు.

నా గుసగుస విని నేస్తం చెప్పింది. "దారిన పోయేవోళ్ళకి డబ్బులు పుచ్చుకుని అన్నం ఎట్టీవోడట."

"అన్నానికి డబ్బులా!"

అందరూ ఘొల్లున నవ్వారు. "థూ, అదేం దేశమే నేస్తం గుంటా! నీళ్ళకి కూడా పుచ్చుకుంతారేటి?"

"అమ్మ నీళ్ళు మోసేదట, బట్టలుతికేదట."

"మోసేదా? అయితే మనోడే," అన్నాడు అయ్య. అప్పటినుంచి ఆ పాలకుడికి మా ఊళ్ళో రోం నాయుడని పేరు. అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు.

రోం నాయుడు పాత రాళ్ళ మీది రాతలు చదవడం నేర్చుకున్నాడు. అతని తమ్ముణ్ణి గొప్ప కుటుంబాలవాళ్ళ మనుషులు చంపేస్తే అడిగే దిక్కు లేకపోయింది. ఆ కుటుంబాలు వీధుల్లో కొట్టుకునేవి, మధ్యలో బీదవాళ్ళు చచ్చేవారు. ఒక పండగనాడు అతను జనాన్ని వెంటబెట్టుకుని కొండమీది మేడకి ఎక్కాడు. ఒక్క నెత్తురుబొట్టు కారకుండా పట్నం అతని చేతికొచ్చింది. దారులు బాగుపడ్డాయి. గొప్పవాడికీ కూలివాడికీ ఒకటే తీర్పు. అయ్య ఆ సాయంత్రాల్లో గొప్పవాళ్ళ ఆకులోనే పిక్కలన్నీ వేశాడు. రోం నాయుడి ఆకు ఖాళీ.

తరవాత అతను పాతకాలపు చక్రవర్తి స్నానం చేసిన తొట్టిలో తానూ స్నానం చేసి, నెత్తిన కిరీటాలు పెట్టించుకున్నాడు. ఇది చెప్పిన రోజు అయ్య పిక్క ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"తానం సేత్తే తప్పేటి?" అని దాన్ని మళ్ళీ పోగులో వేసేశాడు. "ఇక్కడాపు గుంటా. ఇప్పుడు బాగుంది."

ఆపేశాను. వెంటనే నాన్నకి కళ్ళ జబ్బు వచ్చి ఏడెనిమిది నెలలు మేం దిగువన ఉండిపోయాం.

తిరిగొచ్చేసరికి అయ్యకి కొత్త ఇల్లు లేస్తోంది. పెంకుటిల్లు. సామలు చల్లే రోజుల్లో, ఎవరి పోడు వాళ్ళు చూసుకోవలసిన రోజుల్లో, ఊరివాళ్ళు పెంకులు మోస్తున్నారు. కూలీల కోసం కబురొస్తే ఎవరు వెళ్ళాలో అయ్యే చెబుతాడు. ఆయన అన్నదమ్ముల కొడుకులు ఎప్పుడూ వెళ్ళరు. ఎదురుమాటన్నవాడు వరసగా మూడుసార్లు వెళ్తాడు. దొరల బియ్యం ఆయన గాదెలోకి వచ్చాక ఎవరికి ఎంత అన్నది ఆయన ఇష్టం. బడి పిల్లలు మళ్ళీ పల్చబడ్డారు. నేను నేస్తాన్ని అడిగితే మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"మా అయ్య ఎండలో నిలబడితే నీడ కూడా దొరదే పడతంది నేస్తమా. నేను సెప్తే ఇనడు. ఆ రోం నాయుడి కత మిగిలిపోయింది గదా, అది సెప్పు. ఎవుడో సచ్చిన కతైతే ఇంటాడేమో."

నాకూ అదే అనిపించింది. మనిషి ఎదుట నిలబడి నువ్వు చేస్తున్నది తప్పు అనగలిగే శక్తి నాకు లేదు. పుస్తకం అనగలదు.

ఆ సాయంత్రం అయ్య మొహంలో పాత వెలుగు కనబడింది. ఆకులు పరిచాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళు మాత్రం పాతవాళ్ళు కారు, ఆయన అన్నదమ్ముల కొడుకులూ, ఆయన మాటకి తలూపేవాళ్ళూ. నవ్వుల్లేవు. నేను చెవిలో చెప్పాను, నేస్తం పైకి చెప్పింది. జనం విసిగిపోయి రోం నాయుణ్ణి దించేశారు. అతను కొండలకి పారిపోయి రెండేళ్ళు సన్యాసుల మధ్య తలదాచుకున్నాడు.

"కొండల్లో ఉండిపోవలిసింది," అన్నాడు అయ్య. "మల్లీ ఏల దిగినాడు?"

అది పుస్తకంలో లేదు. అతను మళ్ళీ వచ్చి పట్నం ఏలాడు. ఈసారి ఉప్పు మీద పన్ను వేశాడు.

"ఉప్పు మీదా? తప్పే." పిక్క రోం నాయుడి ఆకులో పడింది.

తనకి సాయం చేసినవాణ్ణి నమ్మించి చంపించాడు. ఇంకో రెండు పిక్కలు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ ఆకునే చూస్తున్నారు. ఆయన వింటున్నాడు, తప్పుని తప్పు అంటున్నాడు. ఇంకొంచెం చెబితే చాలు, రేపు పొద్దున పెంకుల మోత ఆపించేస్తాడనుకున్నాను.

జనం మేడకి నిప్పు పెట్టారు. రోం నాయుడు బట్టలు విప్పేసి, చిరుగు పాతలు కట్టుకుని, మొహానికి మసి పూసుకుని, నెత్తిన పరుపు పెట్టుకుని తానూ అరుస్తూ గుంపులో కలిసిపోయాడు. ఇది చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. పుస్తకంలో చదివినప్పుడూ వచ్చింది. అంతటివాడు ప్రాణం కోసం అలా అయిపోవడం నాకు జాలిగా ఉంది.

నేస్తానికి నా ఏడుపు కనబడింది గాని, ఆమె నోరు ఆమెది. అంతమంది బిగుసుకుని కూర్చుంటే ఆమెకి భయమేసిందనుకుంటాను. నవ్వించాలనుకుంది. లేచి మూలనున్న చాప నెత్తిమీద వేసుకుంది. మోకాళ్ళు వంచి, అటూ ఇటూ బెదురుచూపులు చూస్తూ, "కొట్టండి ఆ నాయుణ్ణి! యాడున్నాడు? బేగి కొట్టండి!" అని బొంగురుగొంతుతో అరుస్తూ రాయి చుట్టూ తిరిగింది. చైత్రంలో వేటగాళ్ళని వెక్కిరించినట్టే. ఆ కొత్త మనుషులు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఒకడు పొట్ట పట్టుకున్నాడు. ఎన్నో నెలల తరవాత ఆ గుమ్మంలో నవ్వు వినబడింది.

అయ్య ఒక్కడే నవ్వలేదు.

"తరవాత?"

అతని చేతులకి బంగారు కడియాలు ఉండిపోయాయి. అవి మెరిస్తే గుర్తుపట్టారు. తాను తీర్పులు చెప్పే మెట్ల దగ్గరికే పట్టుకుపోయారు. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. తరవాత ఒకడు పొడిచాడు.

అయ్య మిగిలిన చింతపిక్కలన్నీ దోసిట్లో తీసి రోం నాయుడి ఆకులో పోసేశాడు.

"ఉప్పు తప్పు. సంపించడం తప్పు. అన్నిటికన్నా సాప తప్పు. నాయుడన్నోడు నెత్తిన సాపెట్టుకోకూడదు. ఆడ నిలబడుంటే ఆ గంటసేపట్లో ఎవుడో ఒకడు ఇంటికి పొండెహె అనేవోడు." లేచి కర్ర అందుకున్నాడు. "తీర్పయిపోయింది."

మర్నాడు పెంకుల మోత ఆగలేదు.

వర్షాలు తగ్గుతుండగా కూలీల కోసం కబురొచ్చింది. జ్వరంతో ఉన్న ఒకణ్ణి అయ్య పంపాడు. వాడు ఇల్లు కట్టడానికి రెండు రోజులు రాలేదు, అదీ కారణం. వాడి తమ్ముడు వచ్చి, అన్న బదులు నేను పోతానన్నాడు. "నీ వంతు వచ్చినప్పుడు నువ్వు పోదువుగాని" అన్నాడు అయ్య. జ్వరమనిషి ఘాటీలో కూలబడి మళ్ళీ లేవలేదు. శవాన్ని అదే కావడి బద్దకి కట్టి మోసుకొచ్చారు.

మూడోనాటి పొద్దున బడి ఇంకా మొదలవలేదు. ఒక్క పిల్లాడూ రాలేదు. మగవాళ్ళు అయిదూళ్ళనుంచీ వచ్చి అయ్య ఇంటి ముందు నిలబడుతున్నారు. వసారాలోంచి నాకు వీపులే కనబడుతున్నాయి. అరుపులు లేవు. అది చూసి నాన్న చొక్కా తొడుక్కుని పరుగెత్తాడు. ఆయన్ని లోపలికి పోనివ్వలేదు గాని, ఒక్క మాట కూడా అనలేదు.

ఇంట్లో ఏం జరిగిందో నేస్తం తరవాత చెప్పింది. వెనక తలుపు తీసే ఉంది. తలుపు దాటితే పసుపు మడి, అది దాటితే అడవి. దిగువకి ఆయనకి తెలియని దారి లేదు. పది రోజులు అడవిలో ఉంటే వీళ్ళ కోపం చల్లారేది, దూడనో మేకనో జరిమానాగా ఇచ్చి తప్పు కడితే సరిపోయేది. ఆమె కాళ్ళు పట్టుకుంది.

"పో అయ్యా, బేగి పో."

ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి, "నెత్తిన సాపెట్టుకోమంటావేటే?" అన్నాడట. కోపంగా కాదట. నవ్వుతున్నట్టే అన్నాడట. తలపాగా చుట్టుకుని, ముందు గుమ్మంలోంచి బయటికొచ్చి, ఎప్పటిలాగే రాయి మీద కూర్చున్నాడు.

చాలాసేపు ఎవరూ కదల్లేదు. అది నేనూ చూశాను. పొద్దు చింతచెట్టు కొమ్మల్లోంచి పైకెక్కే దాకా ఆ వీపులు అలాగే ఉన్నాయి. ఎవరైనా ఒకరు ఇంటికి పదండని అంటారని నేను ఎదురుచూశాను. ఆయనా అదే ఎదురుచూసి ఉంటాడు. ఎవరూ అనలేదు. పరుగెత్తుకెళ్ళి నేనే అనవచ్చు. వసారా స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. చచ్చిపోయినవాడి తమ్ముడి చేతిలో గొడ్డలి ఉంది. వీపులు ఒక్కసారి ముందుకి వంగాయి. నేస్తం అరుపు వినబడింది.

దిగువనుంచి కానిస్టేబులు వచ్చాడు. అయ్య కొండమీంచి కాలు జారి పడ్డాడని ఊరంతా ఒకటే మాట చెప్పారు. నేస్తాన్నీ అడిగాడు. ఆమె చుట్టూ నిలబడ్డవాళ్ళని చూసి, "జారి పడ్డాడు" అంది. రేపు ఆ గెడ్డలోనే నీళ్ళు ముంచుకోవాలి, ఆ మనుషుల మధ్యే పెళ్ళి చేసుకోవాలి. నాన్న కానిస్టేబులు రాసుకున్న కాగితం మీద సాక్షి సంతకం పెట్టి ఇంటికొచ్చి రెండు రోజులు బడి తెరవలేదు.

పెద్దదినం నాడు నేను కోరా బట్ట, బియ్యం పట్టుకుని వెళ్ళాను. నేస్తంగా వెళ్ళాలి. చంపినవాళ్ళే ఆయన పాడె మోశారు. ఆ రోజు వాళ్ళే మేకని తెచ్చి కోసి, వాళ్ళే వండుతున్నారు. అది ఊరు తనకి తాను వేసుకున్న తప్పు. దాంతో తగువు తీరిపోయినట్టే. గొడ్డలి పట్టినవాడు పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ పుల్లలు ఎగదోస్తున్నాడు. పొగకో, దేనికో.

నేస్తం పసుపు మడి గట్టున కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఎన్నో రోజులుగా లోపల కూడదీసుకున్న మాట ఎలాగో పైకి తెచ్చాను.

"నేను ఆ కథ చెవిలో చెప్పకపోతే అయ్య వెనక తలుపులోంచి వెళ్ళేవాడు."

ఆమె మట్టిగడ్డ ఒకటి చిదుపుతూ ఉంది.

"నువ్వు ఏడుస్తా సెప్పినావు," అంది. "సాపెత్తుకున్నది నేను."

"నువ్వు నవ్వించాలని..."

"నవ్వినారు గదా. అందరూ నవ్వినారు." చిదిపిన మట్టి కింద రాల్చింది. "ఆ రోం నాయుడికి ఆడపిల్లలున్నారా?"

"పుస్తకంలో లేదు."

"ఉండుంటే ఏటయ్యారో రాసేవోడు కాదులే."

అన్నాలకి పిలిచారు. ఆడవాళ్ళ వరసలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. వడ్డిస్తూ వడ్డిస్తూ గొడ్డలివాడే మా వరసలోకి వచ్చాడు. నేస్తం ఆకులో అన్నం పెట్టాడు. ఆమె తల ఎత్తలేదు. నా దగ్గరికొచ్చి ఒక గరిటె వేసి ముందుకి జరిగిపోబోయాడు. నాకు ఆకు కనబడటం లేదు.

"మా నేస్తానికి ఇంకొంచెం ఎయ్యి," అంది ఆమె, వాడితో, తన మామూలు గొంతుతో. "పట్నం గుంట. అడగదు."

వాడు వెనక్కి వచ్చి ఇంకో గరిటె వేశాడు. నేను తల వంచుకుని తిన్నాను.